వార్డు మెంబరుగా నిలబడాలంటే ఏం చేయాలి, ఎంత ఖర్చవుతుంది?

అడిగిన చెల్లెలి ప్రశ్న క్లుప్తంగా ఇది. రాజోలు దగ్గర అత్తవారి ఊళ్లో ఉంటోంది. వయసు 27, డిగ్రీ చదివింది, పెళ్లయి మూడేళ్లయింది. వీధిలో కుళాయి నీళ్లు చివరి ఇళ్లకి అందవు, వానాకాలం మురుగు ఇళ్లలోకి వస్తుంది. వచ్చే పంచాయతీ ఎన్నికల్లో వార్డు మెంబరుగా నిలబడాలని ఉంది. పార్టీ అండ లేదు, డబ్బు లేదు. భర్త సరే అన్నారు, మామగారు వద్దంటున్నారు. ఎలా నిలబడాలి, ఎంతవుతుంది, గెలిస్తే నిజంగా ఏమన్నా చేయగలనా అని అడిగింది.

చెల్లీ, నాది వశిష్ఠకి ఇవతలి ఒడ్డు, ఆచంట వైపు. చించినాడ వంతెన దాటితే మీ ఊరే. 2013లో మా వార్డులో నిలబడి 9 ఓట్లతో ఓడిపోయాను. 2021లో అదే వార్డులో 23 ఓట్లతో గెలిచాను. మా చుట్టుపక్కల ఊళ్లలో పదిమందికి పైగా ఆడవాళ్ల చేత పక్కన కూర్చుని నామినేషన్ కాయితాలు నింపించాను. ఆ అనుభవంతోనే రాస్తున్నాను. కాస్త పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు సూటిగా జవాబు. నిలబడొచ్చు. 21 ఏళ్లు నిండి, ఆ పంచాయతీ ఓటర్ల జాబితాలో మీ పేరు ఉండి, చట్టంలో చెప్పిన అనర్హతలేవీ లేకపోతే చాలు. చదువు నిబంధన లేదు. పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు కాబట్టి పార్టీ తన అభ్యర్థికిచ్చే బీ-ఫారం కోసం ఎవరి ఇంటి చుట్టూ తిరగనక్కర్లేదు. అది మండల, జిల్లా పరిషత్‌లకి పోటీ చేసే ఎంపీటీసీ, జడ్పీటీసీలకి. 2021లో వార్డు మెంబరు డిపాజిట్టు 1,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 500. సర్పంచికి 3,000, వాళ్లకి 1,500. పోలైన చెల్లే ఓట్లలో ఆరోవంతు వస్తే ఓడినా ఆ డబ్బు తిరిగి ఇస్తారు. నాకు 2021లో డిపాజిట్టు పోను మొత్తం ఖర్చు తొమ్మిది వేల లోపే అయింది. గెలిస్తే చేయగలిగినవి ఉన్నాయి, చేతిలో లేనివీ ఉన్నాయి. అవి కింద చెబుతాను.

మీ ప్రశ్నలో నాకు భయం వేసిన సంగతి ఒకటే. ఓటు ఎక్కడుందో మీరు రాయలేదు. పెళ్లయి మూడేళ్లంటే మన వైపు సగం మంది ఆడపిల్లల ఓటు ఇంకా పుట్టింటి ఊళ్లోనే ఉండిపోతుంది. మీదీ అలా ఉంటే మిగతా పనులన్నీ పక్కన పెట్టి ఈ వారమే ఫారం 8 పెట్టండి. చిరునామా మార్పుకి అదే ఫారం. మీ పోలింగ్ బూత్ ఓటర్ల జాబితా చూసే బీఎల్‌వోకి ఇవ్వొచ్చు, ఫోన్లో ఎన్నికల సంఘం యాప్‌లోనూ పెట్టొచ్చు. పంచాయతీకి విడిగా ఓటర్ల నమోదు ఉండదు. అసెంబ్లీ జాబితాలో ఉన్న పేర్లనే పంచాయతీ వారీగా, వార్డుల వారీగా విడదీస్తారు. నోటిఫికేషన్ వచ్చాక చూద్దాంలే అనుకుంటే అప్పటికి తలుపు మూసేసి ఉంటుంది. 2021లో ఏం జరిగిందో గుర్తుందిగా, 2019 జాబితాతోనే ఎన్నికలు పెట్టారు. ఆ తర్వాత 18 నిండిన పిల్లలు రాష్ట్రం మొత్తం మీద 3.6 లక్షల మంది ఓటు వేయలేకపోతున్నారని హైకోర్టు దాకా వెళ్లారు.

ఇక్కడ నా 2013 కథ చెప్పాలి. మా వార్డులో రెండు వందల చిల్లర ఓట్లు. మా వీధి పుంతకి తూర్పున ఉన్న ఇళ్లన్నీ మావాళ్లే, నన్ను చిన్నప్పటి నుంచీ ఎరిగినవాళ్లు. పోలింగ్ రోజు పొద్దున్నే అందులో నాలుగిళ్ల వాళ్లు వచ్చి, స్లిప్పులో పక్క వార్డు నంబరు ఉంది, నీకు వేయడం కుదరదంటున్నారు అన్నారు. ఇంటి నంబర్లు మార్చినప్పుడు ఆ నాలుగు ఇళ్లూ పక్క వార్డులో పడ్డాయి. మొత్తం 14 ఓట్లు. నేను ఓడింది 9తో. వార్డుల వారీ ముసాయిదా జాబితా పంచాయతీ ఆఫీసు గోడకి అంటించి, అభ్యంతరాలు చెప్పడానికి గడువు ఇస్తారు. ఆ రోజుల్లో నేను దాని వైపు తిరిగి చూడలేదు. ప్రచారం అంటే ఇంటింటికీ తిరిగి దండం పెట్టడం అనుకున్నాను.

అందుకే నా మాటల్లో మీరు ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. వార్డు ఎన్నిక చాలామటుకు నోటిఫికేషన్‌కి ముందే తేలిపోతుంది. నోటిఫికేషన్ వచ్చాక ఉండేది పన్నెండు రోజులే. మా నరసాపురం డివిజన్‌లో 2021లో జనవరి 29 నుంచి 31 దాకా నామినేషన్లు, ఫిబ్రవరి 1న పరిశీలన, 4వ తేదీ మధ్యాహ్నం 3 గంటలకి ఉపసంహరణ గడువు, 9న పోలింగ్. ఆ రోజుల్లో కాయితాలు చూసుకోవడానికే టైము సరిపోదు. మనుషులతో పని ముందే అయిపోవాలి.

రిజర్వేషన్ సంగతి రెండు ముక్కల్లో. ఏ వార్డు ఎవరికి అనేది ఎన్నికలకి ముందు ప్రకటిస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో స్థానాల్లో సగం ఆడవాళ్లకి. మీ వార్డు మహిళలకి రాకపోయినా జనరల్ అయితే మీరు నిలబడొచ్చు. ఆడవాళ్లు ఆడవాళ్ల సీటులోనే పోటీ చేయాలన్న రూలు లేదు, ఊళ్లో ఎవరన్నా అలా అంటే నమ్మకండి. మీ ఓటు ఉన్న వార్డు మీకు కుదరని కేటగిరీకి వెళ్లిపోతే అదే పంచాయతీలో ఇంకో వార్డు నుంచి కూడా పోటీ చేయొచ్చు. కానీ ప్రపోజరు అంటారే, మీ పేరు ప్రతిపాదించే మనిషి, ఆయన మాత్రం మీరు పోటీ చేసే వార్డులోనే ఓటరై ఉండాలి. మా పక్క ఊళ్లో ఒకావిడ తన సొంత అన్నగారి చేత సంతకం పెట్టించింది. అన్నగారి ఇల్లు కాలువ గట్టు అవతల, వేరే వార్డు. పరిశీలనలో తిరగ్గొట్టారు. ఎదుటివాళ్ల మీద కోపంతో ఏడ్చింది గానీ తప్పు ఎదుటివాళ్లది కాదు.

నామినేషన్ దగ్గర ఆడవాళ్లకి ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఇంటిపేరు. కులం పుట్టుకతో వచ్చేది, పెళ్లితో మారదు. కాబట్టి మీ కుల ధ్రువపత్రం తండ్రి ఇంటిపేరుతో ఉంటుంది. ఓటర్ల జాబితాలో భర్త ఇంటిపేరు ఉంటుంది. రిజర్వుడు స్థానానికి వేసినా, సగం డిపాజిట్టు కట్టినా ఈ రెండూ ఒకే మనిషివని చూపించాలి. పదో తరగతి సర్టిఫికెట్టు, ఆధార్, పెళ్లి రిజిస్ట్రేషన్ కాయితం ఉంటే అదీ ఒక కవర్లో పెట్టి ఉంచండి. కుల ధ్రువపత్రం పాతది కనబడకపోతే ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. నామినేషన్ల మూడు రోజుల్లో తహసీల్దారు ఆఫీసులో అడుగు పెట్టే సందు ఉండదు.

ఇంకా ఏం కావాలంటే, ఇంటి పన్ను, నీటి పన్ను కట్టి రసీదులు దగ్గర పెట్టుకోండి. నోటీసు ఇచ్చాక కూడా పంచాయతీకి బాకీ ఉన్నవాళ్లు అనర్హులవుతారు. మీ పేర అసలు పన్నే లేకపోయినా ఇంటి పన్ను మామగారి పేర కట్టించేయండి, ఎదుటివాళ్లకి మాట దొరక్కుండా ఉంటుంది. కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు మీద సొంత డిక్లరేషన్ ఇవ్వాలి. అందులో ఏ గడీ ఖాళీ వదలకండి. లేకపోతే "లేదు" అని రాయండి, మీకు సంబంధించనిదైతే "వర్తించదు" అని రాయండి. గీత గీసి ఊరుకోకండి. బంగారం ఎంతుందో రాయడానికి అత్తగారు ఒప్పుకోలేదని ఒకమ్మాయి ఖాళీ వదిలేసింది. పక్కన కూర్చుని నేనే రాయించాను.

ప్రభుత్వం నుంచి జీతం తీసుకునేవాళ్లు నిలబడకూడదు. మీరు ప్రైవేటు ఉద్యోగం చేస్తుంటే ఇబ్బంది లేదు. గౌరవ వేతనం మీద ఏదన్నా ప్రభుత్వ పథకంలో పనిచేస్తుంటే మాత్రం ఊళ్లోవాళ్ల మాట పట్టుకోకుండా మండలంలోని ఎంపీడీవో ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. పంచాయతీ పనుల కాంట్రాక్టులో వాటా ఉన్నా చిక్కే. ముగ్గురు పిల్లలుంటే పోటీ చేయకూడదన్న పాత రూలు ఇంకా చాలామంది చెబుతుంటారు. దాన్ని మన రాష్ట్రంలో 2024 నవంబరులో అసెంబ్లీలో చట్టం మార్చి తీసేశారు.

నామినేషన్లు మీ పంచాయతీ ఆఫీసులోనే తీసుకుంటారని అనుకోకండి. మూడు నాలుగు ఊళ్లు కలిపి ఒక క్లస్టరు చేస్తారు, అక్కడ స్టేజ్-1 రిటర్నింగ్ అధికారి కూర్చుంటారు. మొదటి రోజే వెళ్లండి. ఆఖరి రోజు సాయంత్రం లైనులో నిలబడి, పత్రంలో తప్పుందని తెలిస్తే దిద్దుకునే దారి ఉండదు. వీలైతే వేరే ప్రపోజరుతో రెండో సెట్టు కూడా వేయండి. ఒకటి పోయినా ఒకటి నిలుస్తుంది. దానికి మళ్లీ డిపాజిట్టు కట్టనక్కర్లేదు. ఇచ్చిన ప్రతి కాయితానికీ రసీదు అడిగి తీసుకోండి. పరిశీలన రోజు మీరే వెళ్లండి, మీ ఆయన్ని పంపకండి. తిరస్కరిస్తే కారణం రాసిమ్మని అడగండి. మర్నాడు ఆర్డీవో దగ్గర అప్పీలు చేసుకోవచ్చు, ఆ ఒక్క రోజే గడువు.

ఖాళీ కాయితం మీద గానీ ఉపసంహరణ ఫారం మీద గానీ ముందుగా సంతకం పెట్టి ఎవరికీ ఇవ్వకండి. మామగారికీ, మీ ఆయనకీ కూడా. ఇది పరుషంగా అనిపిస్తే క్షమించండి, చూసిన సంగతి చెబుతున్నాను. మాకు దగ్గర్లోని ఊళ్లో ఒకమ్మాయి చేత పెదమామగారు "ఏజెంటు కాయితంలే అమ్మా" అని సంతకాలు పెట్టించుకున్నారు. మూడింటికల్లా ఆ అమ్మాయి పోటీలో లేదు. ఒకసారి ఉపసంహరించుకుంటే వెనక్కి తీసుకోవడం ఉండదు.

పోటీ లేకుండా ఏకగ్రీవం చేయాలన్న ఒత్తిడి కూడా ఉపసంహరణ గడువు లోపు ఈ నాలుగు రోజుల్లోనే వస్తుంది. రామకోవెల అరుగు మీద పెద్దమనుషులు కూర్చోబెట్టి, ఊరికి డబ్బొస్తుంది కదమ్మా అంటారు. మొత్తం పంచాయతీ ఏకగ్రీవమైతే ప్రభుత్వం 2021లో 2 వేల లోపు జనాభాకి 5 లక్షలు, 5 వేల లోపైతే 10 లక్షలు, 10 వేల లోపైతే 15 లక్షలు, అది దాటితే 20 లక్షలు ఇస్తామంది. అందరూ మనసారా ఒప్పుకుంటే ఏకగ్రీవం మంచిదే, నేను కాదనను. కానీ గుడికి ఎవరు ఎక్కువ ఇస్తే పదవి వాళ్లదని వేలం పెట్టడం నేరం. దానికి తలూపి తప్పుకున్న మనిషి మర్నాటి నుంచి ఏ మీటింగులోనూ గట్టిగా మాట్లాడలేదు. మా ఊళ్లో నన్నూ పిలిచారు. "ఆలోచించుకుని చెబుతానండి" అని లేచొచ్చేశాను. వాదన పెట్టుకోలేదు. వాళ్లూ నా ఓటర్లేగా.

గుర్తు గురించి చాలామందికి తెలియనిది ఒకటుంది. బ్యాలెట్ కాయితం మీద మీ పేరు ఉండదు, గుర్తు మాత్రమే ఉంటుంది. కింద నోటా కూడా ఉంటుంది. ఉపసంహరణ గడువు అయ్యాక మిగిలిన పేర్లని తెలుగు అక్షరక్రమంలో పెట్టి, జాబితాలో ఉన్న వరసనే గుర్తులు ఇచ్చుకుంటూ పోతారు. మనకి నచ్చింది కోరుకునే పద్ధతి లేదు. నాకు 2021లో గ్యాసు పొయ్యి వచ్చింది. అప్పటి నుంచి పోలింగుకి నాలుగైదు రోజులే ఉంటాయి. ముందే పేరుతో పాంప్లెట్లు వేయించుకుంటే డబ్బు దండగ. ఆ సాయంత్రమే గుర్తుతో చిన్న కాయితాలు కొట్టించి, మర్నాడు పొద్దున్నుంచీ ప్రతి ఇంట్లో చూపించాలి. ముఖ్యంగా ముసలివాళ్లకి. సర్పంచి బ్యాలెట్ గులాబీ రంగు, వార్డుది తెలుపు. "తెల్ల కాయితం మీద గ్యాసు పొయ్యి" అని నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ముద్ర రెండు గుర్తుల మధ్య గీత మీద పడితే ఓటు చెల్లకుండా పోయే ప్రమాదం ఉందని కాయితం మడిచి మరీ చూపించాను.

ఇక మనుషులతో పని. ఒక రెండొందల పేజీల నోటుపుస్తకం కొనండి. వార్డు జాబితా పంచాయతీ సెక్రటరీ దగ్గర చూసి, ఇంటికొక పేజీ రాసుకోండి. ఆ ఇంట్లో ఎన్ని ఓట్లు, ఎవరు ఊళ్లో ఉంటారు, ఎవరు హైదరాబాదులో, ఎవరు గల్ఫులో. మీ కోనసీమలో ఇది చాలా పెద్ద లెక్క. ఇంటికొకరు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటారు, పేర్లు మాత్రం జాబితాలో ఉంటాయి. మా వార్డులో 2021లో 208 ఓట్లుంటే అసలు ఊళ్లో ఉండేవి 171. ఆ ముప్పై ఏడుగురి పేర్లూ మీ పోలింగ్ ఏజెంటు చేతిలో ఉండాలి, ఇంకొకరెవరూ వాళ్ల పేరు మీద ఓటేయకుండా. ఏజెంటుగా వార్డులో అందరి మొహాలూ ఎరిగిన మనిషిని పెట్టుకోండి. నాకు మా వీధి పాలు పోసే ఆవిడ కూర్చుంది. ఆవిడకి తెలియని మొహం లేదు.

అదే పేజీలో ఆ ఇంటి బాధ ఒకటి రాయండి. కుళాయి రాదు, వీధి దీపం లేదు, పింఛను ఆగింది, దొడ్లోకి మురుగు వస్తుంది. ఓట్లు అడగడానికి కాదు, ఎన్నికలకి ఆరు నెలల ముందే వెళ్లి అడిగి రాసుకోండి. అందులో సగం పనులకి పదవి అక్కర్లేదని మీకే తెలుస్తుంది. సచివాలయంలో ఒక దరఖాస్తు రాసిపెడితే అయిపోయేవి ఉంటాయి. నేను 2013లో ఓడాక చేసింది అదే. వేరే పేటకి వెళ్లినప్పుడు మాత్రం ఒక మాట. మన ఊళ్లలో వార్డంటే కులాల వారీగా ఒకే పేట కావచ్చు, రెండు మూడు పేటలు కలిసి ఉండొచ్చు. మీది కాని పేటలో ఎన్నికల ముందు మాత్రమే అడుగు పెడితే వాళ్లు గుర్తుపెట్టుకుంటారు. నేను మొదటిసారి ఆ తప్పు చేశాను. పేట చివరి ఇంటి పెద్దావిడ "ఇన్నాళ్లకి దారి తెలిసిందా అమ్మా" అంది. ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు.

డబ్బు సంగతి దాచకుండా చెబుతాను. పంచుతారు. మన డెల్టాలో ఎక్కువే పంచుతారు. 2013లో నేను వద్దన్నా మా మరిది నాకు తెలియకుండా కొన్ని ఇళ్లకి ఇచ్చాడు. ఎన్నికయ్యాక తెలిసింది. అయినా ఓడాం. ఓటమి కంటే అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది, ఎందుకంటే ఆ ఇళ్లకి వెళ్లి మాట్లాడే మొహం లేకుండా పోయింది నాకు. 2021లో అందరినీ కూర్చోబెట్టి, ఒక్క రూపాయి కదిలినా నామినేషన్ వెనక్కి తీసుకుంటానని చెప్పాను. ఎదుటివాళ్లు ఇచ్చారు. కొన్ని ఇళ్లు అటు వెళ్లాయి, నాకు తెలుసు. అయినా రెండొందల ఓట్ల వార్డులో ఏళ్ల తరబడి ఎరిగిన మనిషిని కాదని ఐదొందలకి మొత్తం ఊడ్చుకుపోవడం జరగదు. సర్పంచి ఎన్నికకి ఈ మాట ఇంత ధైర్యంగా చెప్పలేను, అక్కడ ఓట్లు వేలల్లో ఉంటాయి. వార్డుకి చెప్పగలను. చట్టం ప్రకారం డబ్బు, మందు పంచడం నేరం. 2020లో చట్టం మార్చి, గెలిచాక రుజువైనా పదవి పోయేలా, మూడేళ్ల దాకా జైలు పడేలా చేశారు.

ఖర్చుకి పరిమితి కూడా ఉంది. 2021లో 10 వేల లోపు జనాభా ఉన్న పంచాయతీలో వార్డు మెంబరుకి 30 వేలు, అంతకు మించితే 50 వేలు. సర్పంచికి లక్షన్నర, రెండున్నర లక్షలు. టీ నీళ్ల దగ్గర్నుంచీ రాసుకోండి, బిల్లులు ఉంచుకోండి. గెలిచినా ఓడినా 45 రోజుల్లోగా ఖర్చుల లెక్క ఎంపీడీవో ఆఫీసులో ఇవ్వాలి. ఓడినవాళ్లు దీన్ని పట్టించుకోరు, తర్వాత ఎన్నికకి అనర్హులని తేలాక లబోదిబోమంటారు.

పోలింగ్ 2021లో పొద్దున్న 6.30 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా జరిగింది. దాళ్వా చేలల్లో పని ఉండే రోజులు కాబట్టి కూలికి వెళ్లే ఆడవాళ్లు ఏడున్నరకల్లా వేసి వెళ్లిపోయారు. మీవాళ్లు ఆ టైముకే అక్కడ ఉండాలి. సాయంత్రం 4 నుంచి అక్కడే లెక్కింపు, వార్డు ఫలితం గంటలో తెలిసిపోతుంది. తేడా తక్కువుంటే ఫలితం ప్రకటించకముందే రీకౌంటింగు కావాలని రాసివ్వాలి. సమానంగా వస్తే చీటీ తీస్తారు. ఆ రాత్రే గెలిచిన మెంబర్లలోంచి ఉపసర్పంచిని చేతులెత్తి ఎన్నుకుంటారు. ఎవరి కారూ ఎక్కకండి, ఎవరింటికీ భోజనానికి వెళ్లకండి. హాల్లోనే ఉండి మీకు నచ్చిన మనిషికి చెయ్యెత్తండి.

గెలిస్తే ఏం చేయగలను అన్నారు. వార్డు మెంబరుకి జీతం లేదు, చెక్కు మీద సంతకం లేదు. ఉన్నదల్లా పంచాయతీ సమావేశంలో కుర్చీ, తీర్మానంలో ఒక ఓటు, లెక్కలు అడిగే హక్కు. అది తక్కువేం కాదు. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే ఖర్చు పెట్టాలని షరతు పెట్టింది. మీరు చెప్పిన రెండు సమస్యలూ అవే. ఆ డబ్బు ఎంతొచ్చింది, దేనికి ఖర్చయింది అని సమావేశంలో అడిగి, అడిగినట్టు మినిట్స్ పుస్తకంలో రాయించండి. రాయించందే సంతకం పెట్టకండి.

చివరి ఇళ్లకి నీళ్లందకపోవడం మా వార్డులోనూ ఉండేది. కొత్త ట్యాంకు కావాలని అందరూ అనేవారు. తీరా చూస్తే కొందరు కుళాయికే మోటార్లు బిగించి లాగేస్తున్నారు, పైపులైనంతా ఒకే వరస. లైను మధ్యలో ఒక వాల్వు పెట్టించి, పొద్దున్న సగం వీధికి, తర్వాత సగం వీధికి వదిలేలా చేశాం. ట్యాంకు అక్కర్లేకుండానే నీళ్లొచ్చాయి. మోటార్లు తీయించడానికి మాత్రం నాలుగు నెలలు పట్టింది, ఇద్దరు నాతో ఇప్పటికీ మాట్లాడరు. ఇంకోటి, ఎండాకాలం కాలువలు కట్టేసేలోపు మంచినీళ్ల చెరువు నిండిందా లేదా అని ప్రతి ఏడూ చూడటం. అది మర్చిపోతే మే నెలంతా ఊరు ట్యాంకరు కోసం ఎదురుచూడాల్సిందే.

మురుగు విషయంలో ముందు తెలుసుకోవాల్సింది, ఏ కాలువ ఎవరిది అని. వీధి మురుగు పంచాయతీది. అది కలిసే పెద్ద డ్రెయిను డ్రైనేజీ శాఖది. పొలాలకి నీళ్లిచ్చే కాలువ ఇరిగేషన్ వాళ్లది. మీ వీధి మురుగు వెనక్కి తంతోందంటే వానాకాలంలో గొడుగేసుకుని దాని వెంట చివరిదాకా నడవండి. చాలాసార్లు ఎక్కడో ఒక తూము పూడిపోయో, గుర్రపుడెక్క అడ్డం పడో ఉంటుంది. అది ఎవరి హద్దులో ఉందో తెలిస్తే అర్జీ ఎవరికి పెట్టాలో తెలుస్తుంది. ఇది కూడా ఎన్నికకి ముందే చేయొచ్చు. ఇళ్ల స్థలాలు ఇప్పిస్తాను, పింఛన్లు ఇప్పిస్తాను అని మాత్రం ఓటర్లకి మాటివ్వకండి. అవి పంచాయతీ చేతిలో ఉండవు. దరఖాస్తు రాసిపెట్టి వెంట తిరుగుతానని చెప్పండి, అది నిజం.

మామగారి గురించి. మా అత్తగారు 2013లో నాతో నెల రోజులు మాట్లాడలేదు. ఆవిడ భయం పదవి గురించి కాదు, ఊళ్లో నలుగురూ కోడల్ని ఏమంటారో అని. మీ మామగారికి ఏ భయమో నాకు తెలియదు, మీరే అడగండి. గొడవలంటే భయమా, ఖర్చంటే భయమా, ఎదుటివాళ్లతో చుట్టరికమా? ఖర్చే అయితే పైన రాసిన లెక్క చూపించండి. నోటుపుస్తకం తీసి, వార్డులో ఏ ఇంట్లో ఎవరెవరో చెప్పమని ఆయన్నే అడగండి. ఆయనకి తెలిసినన్ని ఇళ్లు మీకు తెలియవు. మా అత్తగారు 2021లో నా తరఫున మాట్లాడటం మొదలుపెట్టింది ఆ పుస్తకం నింపుతున్నప్పుడే. గెలిచాక "మా కోడలి బదులు మా అబ్బాయి వస్తాడు" అనే మాట మాత్రం ఇంట్లో ఎవరన్నా అంటే మొదటి రోజే ఆపేయండి. సమావేశానికి మీరే వెళ్లాలి, సంతకం మీరే పెట్టాలి.

ఇప్పటికి ఓటరు కార్డు నంబరు కొట్టి మీ పేరు ఏ ఊళ్లో ఉందో చూడండి. పుట్టింట్లోనే ఉంటే ఫారం 8 పెట్టిన రోజూ, అంగీకరించినట్టు మెసేజి వచ్చిన రోజూ పుస్తకం మొదటి పేజీలో రాసుకోండి. జాబితాలో మీ ఇల్లు ఏ వార్డులో పడిందో తెలిశాక నాకు రాయండి, ప్రపోజరుగా ఎవరిని పెట్టుకోవాలో అప్పుడు చూద్దాం.